లైకులు వందల్లో, సందర్శకులు పదుల్లో: చిన్న తెలుగు సైట్లకు సోషల్ మీడియా నుంచి జనం ఎందుకు రావడం లేదు?

క్లుప్తంగా: ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, యూట్యూబ్ పదేళ్ల కిందటిలా బయటి సైట్లకు జనాన్ని పంపడం లేదు. పంపకపోవడంలోనే వాటికి లాభం ఉంది. చిన్న తెలుగు సైట్లలో చాలావాటికి ఇప్పుడు నమ్మదగ్గ దారి వాట్సాప్. అక్కడ ఎన్ని పోస్టులు పెట్టామన్నదాని కంటే లింకు ప్రివ్యూ (లింకుతో పాటు కనిపించే బొమ్మ, శీర్షికల చిన్న కార్డు) ఎలా ఉంది, చిరునామా ఎంత పొడవుంది, పేజీ ఎంత త్వరగా తెరుచుకుంటుంది అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి.

వంటల సైటు కావచ్చు, ముగ్గుల సైటు కావచ్చు, జిల్లా వార్తల పోర్టల్ కావచ్చు, ఆవకాయ పార్శిల్ పంపే దుకాణం కావచ్చు. నిర్వాహకుల అయోమయం మాత్రం ఒకటే. ఫేస్‌బుక్ పేజీలో ఇరవై వేల మంది ఉంటారు, పోస్టుకు వందల లైకులు వస్తాయి, సైటు గణాంకాలు తెరిస్తే ఆ రోజు వచ్చినవారు నలభై మంది. తమ పేజీని ఎవరో తొక్కేస్తున్నారన్న అనుమానం వెంటనే పుడుతుంది. చాలాసార్లు జరిగేది అది కాదు. పోస్టు కనిపించడం, చూసినవారు లింకు నొక్కడం, పేజీ తెరుచుకునేదాకా ఆగడం, తెరుచుకున్నాక చదవడం. ఈ నాలుగు మెట్లలో ప్రతిచోటా కొంతమంది రాలిపోతారు. ఒక ఊహా లెక్క తీసుకుంటే, పోస్టు 5,000 మందికి కనిపించి వందకొకరు నొక్కితే 50 మంది. పేజీ నెమ్మదిగా తెరుచుకుని ఐదో వంతు వెనుదిరిగితే మిగిలేది 40. నొక్కేవారిని వందకు ఇద్దరు చేయగలిగితే సందర్శకులు రెట్టింపవుతారు. పోస్టు కనిపించే జనాన్ని రెట్టింపు చేయడం కంటే ఇది చాలా చౌక, పైగా నిర్వాహకుల చేతిలో ఉన్న పని.

తలుపులు మూసుకున్న క్రమం

సోషల్ మీడియా విస్తరించక ముందు చిన్న తెలుగు సైట్లకు పాఠకులు కూడలి, హారం, మాలిక, జల్లెడ వంటి సంకలినుల నుంచి వచ్చేవారు. కొత్త రాతల లింకులన్నీ ఒకచోట పేర్చి పాఠకుణ్ని బయటికి పంపడమే వాటి పని. ఆ తర్వాత ఫేస్‌బుక్ ఆ స్థానంలోకి వచ్చింది. కొన్నేళ్లు బాగానే పంపింది. 2015లో ఇన్‌స్టంట్ ఆర్టికల్స్ తెచ్చి, వ్యాసాన్ని ఫేస్‌బుక్ లోపలే చదివే ఏర్పాటు చేసింది. 2018 జనవరిలో ఫీడ్‌లో పేజీల పోస్టుల కన్నా మిత్రులు, బంధువుల పోస్టులకు ప్రాధాన్యం ఇస్తామని మార్క్ జుకర్‌బర్గ్ ప్రకటించారు. పేజీ పెట్టి లింకులు పంచుకునే పద్ధతికి అక్కడి నుంచే దిగుదల మొదలైంది. 2023 ఏప్రిల్‌లో ఇన్‌స్టంట్ ఆర్టికల్స్ కూడా ఆగిపోయింది. అమెరికాలో జనం ఏం చూస్తున్నారో చెప్పే, ఫేస్‌బుక్ మాతృ సంస్థ మెటా త్రైమాసిక నివేదికల ఇటీవలి లెక్కల్లో, ఫీడ్ వీక్షణల్లో 90 శాతానికి పైగా బయటి లింకు లేని పోస్టులవే.

కారణం ఆదాయ పద్ధతిలోనే ఉంది. మనిషి యాప్‌లో ఎంతసేపు ఉంటే అన్ని ప్రకటనలు చూపవచ్చు. లింకు నొక్కినవాడు బయటికి పోయాడు, తిరిగి వస్తాడో రాడో తెలియదు. ఏ పోస్టు చూపిస్తే ఎంతసేపు నిలుస్తారో అంచనా కట్టి వరుస పేర్చే ఆల్గారిథమ్‌కు లింకు పోస్టు నష్టం కింద లెక్క. ఎక్స్ విషయంలో ఈ మాటను ఎలాన్ మస్క్ దాచలేదు. 2023 అక్టోబరులో లింకు ప్రివ్యూల నుంచి శీర్షికలు తీసేశారు, ఆ తర్వాత మరో రూపంలో తిరిగి పెట్టారు. 2024 నవంబరులో లింకును అసలు పోస్టులో కాకుండా కింద రిప్లైలో పెట్టుకోమని ఆయనే సలహా ఇచ్చారు.

చట్టాల వల్ల మూసుకున్న తలుపూ ఒకటుంది. కెనడా తెచ్చిన ఆన్‌లైన్ వార్తల చట్టానికి ప్రతిగా 2023 ఆగస్టు నుంచి మెటా అక్కడ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తా సంస్థల లింకులు కనిపించకుండా చేసింది. విదేశీ వార్తా సంస్థలకూ ఇది వర్తించింది. కాబట్టి టొరంటోలో ఉన్న తెలుగువారి కోసం హైదరాబాద్ నుంచి నడిచే వార్తా సైటు ఫేస్‌బుక్ మీద ఆధారపడి ఉంటే ఆ పాఠకులు ఒక్కసారిగా దూరమైనట్టే.

ఏ వేదిక లింకును ఏం చేస్తుంది

ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాసిన లింకు నొక్కితే పనిచేయదు. బయోలో 2023 ఏప్రిల్ నుంచి అయిదు లింకుల వరకు పెట్టుకోవచ్చు. స్టోరీలో లింకు స్టిక్కర్ 2021 అక్టోబరు నుంచి అందరికీ ఉంది. అంతకుముందు పది వేల మంది ఫాలోయర్లు ఉన్నవారికి, వెరిఫై అయిన ఖాతాలకే బయటి లింకు ఇచ్చే వీలుండేది. రీల్‌కు లక్ష వ్యూలు వచ్చినా సైటుకు పదిమంది రాకపోవడానికి కారణం ఇదే. చూసినవాడు ప్రొఫైల్‌కు వెళ్లి, బయో తెరిచి, లింకు వెతికి నొక్కాలి. స్టోరీ స్టిక్కర్‌లో ఒక్క నొక్కుతో పని అవుతుంది కాబట్టి, రీల్ పెట్టిన రోజే అదే విషయాన్ని లింకుతో స్టోరీగా పెట్టడం తప్పనిసరి అనుకోవాలి.

యూట్యూబ్ షార్ట్స్ డిస్క్రిప్షన్లలో, కామెంట్లలో లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కినా పనిచేయడం లేదు. మోసపు లింకులను అరికట్టడం దానికి చెప్పిన కారణం. మామూలు వీడియోలో పరిస్థితి నయం. డిస్క్రిప్షన్ మొదటి రెండు లైన్లలో, పిన్ చేసిన కామెంట్‌లో లింకు పెడితే నొక్కేవారు ఉంటారు. అయితే వీడియోలోనే అంతా చెప్పేస్తే సైటుకు వచ్చే అవసరమే ఉండదు. కొలతల పట్టిక, ప్రింటు తీసుకునే కాగితం, ముగ్గు చుక్కల వరుస, దరఖాస్తు ఫారం. వీడియోలో ఇమడనివే జనాన్ని సైటుకు రప్పిస్తాయి.

ఎక్స్‌లో లింకు ఎంత పొడవున్నా 23 అక్షరాల కింద లెక్క. తెలుగువారికి అక్కడ ఇంకో చిక్కుంది. 280 పరిమితిలో ఒత్తు, గుణింతం, పొల్లు దేనికదే విడి అక్షరం. కంటికి ఒకే అక్షరంలా కనిపించే ‘స్త్రీ’కి అక్కడ ఆరు పోతాయి.

పింటరెస్ట్‌ను తెలుగు నిర్వాహకులు పెద్దగా పట్టించుకోరు గానీ, ముగ్గులు, బ్లౌజు డిజైన్లు, వంటలు వంటి బొమ్మ ప్రధానమైన సైట్లకు ఇది మంచి చోటు. ఫీడ్ పోస్టు బతుకు ఒకటి రెండు రోజులే. పిన్ మాత్రం వెతుకులాటలో నెలల తరబడి దొరుకుతూ ఉంటుంది. 1000×1500 పిక్సెళ్ల నిలువు బొమ్మ అక్కడ కుదురుగా కనిపిస్తుంది.

ఫేస్‌బుక్ గ్రూపుల్లో లింకు మొదటి కామెంట్‌లో పెట్టే అలవాటు బాగా పాకింది. దానివల్ల పోస్టు ఎక్కువమందికి కనిపించవచ్చు. కానీ పిన్ చేయకపోతే ఇతర కామెంట్ల కింద లింకు మునిగిపోతుంది. ఒకే లింకును ఒకే గంటలో ఇరవై గ్రూపుల్లో అతికించడం మాత్రం చేటు. స్పామ్‌గా గుర్తిస్తే దెబ్బ ఖాతాతో ఆగదు. డొమైన్ మొత్తానికి తగిలితే, పాఠకులు సొంతంగా పంచుకున్న లింకులు కూడా ఆగిపోతాయి. ‘నచ్చితే లైక్ కొట్టండి, పదిమందికి షేర్ చేయండి’ అని అడిగే పోస్టులను కిందికి నెట్టేస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది. తెలుగు పేజీల్లో ఆ వాక్యం ఇప్పటికీ ప్రతి పోస్టు చివరా కనిపిస్తూనే ఉంది.

వాట్సాప్: ఫార్వర్డ్ కన్నా బటన్ ఎందుకు మేలు

వాట్సాప్‌లో ఫీడ్ ఆల్గారిథమ్ లేదు. లింకు ఎవరికి పంపితే వారందరికీ చేరుతుంది, అదీ తెలిసిన మనిషి నుంచి. అపార్ట్‌మెంటు గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, పెళ్లివారి గ్రూపు. చిన్న సైటు లింకు నిజంగా తిరిగేది వీటిలోనే.

అయితే ఫార్వర్డ్‌లకు పరిమితులున్నాయి. భారత్‌లో 2018 జులైలో ఒకసారికి అయిదు చాట్‌లకే ఫార్వర్డ్ చేసే నిబంధన వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి, అయిదు చేతులు దాటి జంట బాణం గుర్తు పడిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలరు. పుకార్లను ఆపడానికి పెట్టిన ఈ ఆనకట్ట మంచి లింకుకూ అడ్డే. పైగా జంట బాణం చూడగానే తెరవకుండా వదిలేసేవారు పెరిగారు.

దీనికి మార్గం పేజీలోనే ఉంది. వ్యాసం మధ్యలో ఒకటి, చివర ఒకటి ‘వాట్సాప్‌లో పంపండి’ బటన్ పెడితే, పాఠకుడు నొక్కినప్పుడు పుట్టేది కొత్త సందేశం. దానికి ఫార్వర్డ్ గుర్తు ఉండదు, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. వాట్సాప్ ఇచ్చే క్లిక్ టు చాట్ లింకుతో రెండు మూడు లైన్ల కోడ్‌లో ఈ బటన్ తయారవుతుంది, ప్లగిన్ కూడా అక్కర్లేదు. ఫోన్‌లో బొటనవేలికి అందేలా, కనీసం 48 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి.

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని చేర్చవచ్చు గానీ, పంపేవారి నంబరు సేవ్ చేసుకున్నవారికే సందేశం చేరుతుంది. ‘లిస్టులో ఉన్నారు, చూడలేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇది. 2023 సెప్టెంబరులో భారత్‌కు వచ్చిన వాట్సాప్ ఛానెల్‌కు ఆ షరతు లేదు, చేరినవారి నంబర్లు ఇతరులకు కనిపించవు. లోపం ఏమిటంటే, ఛానెల్ అప్‌డేట్స్ విభాగంలో ఉంటుంది, నోటిఫికేషన్ సాధారణంగా ఆపి ఉంటుంది. చేరేటప్పుడే గంట గుర్తు నొక్కమని ఒక వాక్యం చెప్పాలి. సాఫ్ట్‌వేర్లు కొని తెలియని నంబర్లకు గుంపుగా సందేశాలు పంపితే నంబరే నిషేధానికి గురవుతుంది.

పంపే వేళకూ కొంత విలువ ఉంది. పాఠకుల్లో అమెరికా తెలుగువారు గణనీయంగా ఉంటే, ఇక్కడ ఉదయం ఏడు గంటలకు పంపడం రెండు వైపులా కలిసొస్తుంది. వేసవిలో అప్పుడు డల్లాస్‌లో రాత్రి ఎనిమిదిన్నర, న్యూజెర్సీలో తొమ్మిదిన్నర, కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరున్నర.

ప్రివ్యూ కార్డు చెడిపోయే తీరు

లింకు పంపినప్పుడు బొమ్మ, శీర్షిక, వివరణ వచ్చే చిన్న కార్డుకు ఆధారం పేజీ హెడ్ భాగంలో ఉండే ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు. 2010లో ఫేస్‌బుక్ తెచ్చిన ఈ పద్ధతిని ఇప్పుడు దాదాపు అన్ని యాప్‌లూ వాడుతున్నాయి. శీర్షిక, వివరణ, బొమ్మ, అసలు చిరునామా అనే నాలుగు ట్యాగులు చాలు. బొమ్మ కొలత 1200×630 పిక్సెళ్లు. 600×315 కంటే చిన్నదైతే ఫేస్‌బుక్‌లో పెద్ద కార్డు రాదు, 200×200 కంటే చిన్నదైతే బొమ్మే రాదు. ఫైలు 300 కేబీ లోపు జేపీజీ అయితే వాట్సాప్‌లోనూ ఇబ్బంది ఉండదు. ఎస్‌వీజీ ఫైలు పనికిరాదు.

ఇన్ని చేసినా కార్డు రాకపోతే కారణాలు సాధారణంగా మూడు. ట్యాగులను జావాస్క్రిప్ట్ చివర్లో పేజీలోకి చేరుస్తోంది, ప్రివ్యూ తీసుకునే బాట్‌లు (పేజీని చదివే ప్రోగ్రాములు) జావాస్క్రిప్ట్ నడపవు. లేదా సైటుకు పెట్టిన ఫైర్‌వాల్ ఆ బాట్‌ను దొంగ అనుకుని తోసేస్తోంది. లేదా బొమ్మ చిరునామా పూర్తిగా కాకుండా సగం ఇచ్చారు.

ఫేస్‌బుక్, వాట్సాప్ ప్రివ్యూ తయారుచేసే తీరులో పెద్ద తేడా ఉంది. ఫేస్‌బుక్ సర్వర్ పేజీని ఒకసారి చూసి దాచుకుంటుంది, మళ్లీ చూడడానికి 30 రోజులు పట్టవచ్చు. శీర్షికలో తప్పు దిద్దినా పాత తప్పే కనిపిస్తుంది. ఫేస్‌బుక్ ఇచ్చే షేరింగ్ డీబగ్గర్ అనే పరికరంలో లింకు ఇచ్చి ‘స్క్రేప్ అగైన్’ నొక్కితే కొత్తది వస్తుంది. వాట్సాప్‌లో అలా దిద్దుకునే వీల్లేదు. సందేశాలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కనుక ప్రివ్యూను పంపేవారి ఫోనే తయారు చేస్తుంది. లింకు అతికించి, కార్డు రాకముందే పంపే గుర్తు నొక్కితే ఉత్త చిరునామా మాత్రమే వెళుతుంది. ఒకసారి వెళ్లిన కార్డు ఎన్ని ఫార్వర్డ్‌లైనా అలాగే తిరుగుతుంది, సైటులో బొమ్మ మార్చినా అది మారదు. కాబట్టి మొదటి లింకు పంపకముందే సొంత నంబరుకు పంపి చూసుకోవాలి. నెట్ నెమ్మదిగా ఉంటే రెండు మూడు సెకన్లు ఆగాలి.

బొమ్మ మీద తెలుగు అక్షరాలు రాసేటప్పుడు ఒత్తులు విడిపోవడం తరచూ కనిపించే లోపం. ఫొటోషాప్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా భాషలకు సరిపడే అమరికలోకి మార్చకపోతే ఇది జరుగుతుంది. అచ్చు పత్రికల నుంచి వచ్చినవారు ‘అను’ అనే డీటీపీ ఫాంట్లలో కంపోజు చేసిన పేజీని బొమ్మగా చేసి గ్రూపుల్లో పెడుతుంటారు. బొమ్మ వేలమందికి చేరవచ్చు, చదవడం మాత్రం అక్కడే అయిపోతుంది, సైటు పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. బొమ్మలో మొదటి పేరా వరకే ఉంచి, మిగతాది లింకులో ఇస్తేనే ఆ శ్రమకు ఫలం.

తెలుగు చిరునామా అసలు పొడవు

ఇది ఇంగ్లిష్ సైట్లకు లేని సమస్య. బ్రౌజర్‌లో చిరునామా తెలుగులో ముచ్చటగా కనిపిస్తుంది. కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తులు, అంకెలు, అక్షరాల దండ పడుతుంది. తెలుగులో ప్రతి సంకేతం మూడు బైట్లు, ప్రతి బైటూ చిరునామాలో మూడు అక్షరాలవుతుంది. అంటే ఒక్కో సంకేతానికి తొమ్మిది. ‘తెలుగు’ అనే మాటలో హల్లులు మూడు, గుణింతాలు మూడు, మొత్తం ఆరు సంకేతాలు, చిరునామాలో 54 అక్షరాలు. ‘గోంగూర-పచ్చడి’ 109 అవుతుంది. ఇలాంటి లింకు చూసి బ్యాంకు మోసమేమోనని భయపడేవారిని తప్పుపట్టలేం.

వర్డ్‌ప్రెస్‌లో ఇంకో మెలిక ఉంది. పోస్టు చిరునామా ముక్కకు 200 అక్షరాల పరిమితి. ‘గోంగూర పచ్చడి తయారీ విధానం’ అని శీర్షిక పెడితే లెక్క 210కి చేరుతుంది, చిరునామా ‘విధా’ దగ్గర తెగిపోతుంది. పరిష్కారం సులభం. శీర్షిక తెలుగులో ఉంచి, చిరునామా ముక్కను మాత్రం రోమన్ లిపిలో మూడు నాలుగు మాటలకు కుదించాలి, అదీ ప్రచురించకముందే. తర్వాత మారిస్తే అప్పటికే తిరుగుతున్న లింకులను కొత్తదానికి మళ్లించే బాధ్యత మీద పడుతుంది. లింకులను పొట్టిగా చేసే బయటి కుదింపు సేవలను ఆశ్రయించడం కూడా మంచిది కాదు. గూగుల్ అంతటి సంస్థే తన కుదింపు సేవలో కొత్త లింకులు ఇవ్వడం 2019లో ఆపేసింది.

నొక్కిన తర్వాత

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో లింకు క్రోమ్‌లో కాక యాప్ లోపలి బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. అందులో పాఠకుడి పాత లాగిన్లు ఉండవు. ఇలాంటి బ్రౌజర్లలో ‘గూగుల్‌తో లాగిన్’ను గూగుల్ భద్రత కారణంగా అడ్డుకుంటుంది. యూపీఐ చెల్లింపు నొక్కితే యాప్‌కు వెళ్లకుండా మధ్యలో ఆగిపోయే ఇబ్బందీ ఉంది. పచ్చళ్లు అమ్మే సైటుకు ఇన్‌స్టాగ్రామ్ నుంచి వచ్చినవారు కార్ట్ నింపి డబ్బు కట్టకుండా వెళ్లిపోతున్నారంటే ముందు చూడాల్సింది ఇదే. ఆ పేజీలో వాట్సాప్ ఆర్డర్ బటన్, క్యూఆర్ కోడ్ రెండూ ఉంచడం మేలు.

వేగం విషయంలో తెలుగు సైట్లకు ఫాంట్ బరువు ప్రత్యేకం. ఒత్తుల కలయికల వల్ల తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లిష్ ఫాంటు కంటే బాగా పెద్దది. నాలుగు మందాల్లో నాలుగు ఫైళ్లు దింపే థీమ్‌లు ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది కనుక వ్యాసం ఒళ్లంతా దానితోనే చూపి, శీర్షికకు మాత్రం ఒక్క ఫాంటు దింపితే సరిపోతుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలో కనిపించాలన్నది గూగుల్ చెప్పే కొలమానం. ఆఫీసు వైఫై మీద కాకుండా మామూలు ధర ఫోన్‌లో, మొబైల్ డేటా మీద చూస్తేనే నిజం తెలుస్తుంది.

లెక్కలో మోసపోయే చోట్లు

వాట్సాప్ నుంచి వచ్చినవారు గూగుల్ అనలిటిక్స్‌లో ఎక్కువగా ‘డైరెక్ట్’ కింద పడతారు, ఎక్కడి నుంచి వచ్చారో యాప్ చెప్పదు కాబట్టి. 2012లో అమెరికన్ పాత్రికేయుడు అలెక్సిస్ మాడ్రిగల్ దీనికి ‘డార్క్ సోషల్’ అని పేరు పెట్టారు. ఒక సులువు గుర్తు ఉంది. హోం పేజీకి డైరెక్ట్‌గా వచ్చినవారు పేరు టైపు చేసి ఉండవచ్చు. లోపలి వ్యాసం పొడవాటి చిరునామాను ఎవరూ టైపు చేయరు. ఆ పేజీకి డైరెక్ట్ రాకలు పెరిగాయంటే ఎక్కడో గ్రూపులో లింకు తిరుగుతోందని అర్థం.

కచ్చితంగా తెలియాలంటే లింకు చివర, ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే యూటీఎం గుర్తులు చేర్చాలి. మూలం, మాధ్యమం, ప్రచారం పేరు అనే మూడు చాలు. ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేర్వేరుగా లెక్కకొస్తాయి కనుక అన్నీ చిన్నవే వాడాలి. ఇందులో ఒక పొరపాటు సులభంగా దొర్లుతుంది. ఫేస్‌బుక్ గుర్తున్న లింకుతో వచ్చిన పాఠకుడు అడ్రస్ బార్ నుంచి దాన్నే కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే, అక్కడి వందమందీ ఫేస్‌బుక్ ఖాతాలో పడతారు. పేజీలోని షేర్ బటన్‌కు పాత గుర్తులు తీసేసి సొంత గుర్తు ఇస్తే ఈ కలగాపులగం చాలావరకు తగ్గుతుంది. సర్వర్ లాగ్‌లో లేదా కుదింపు సేవలో కనిపించే క్లిక్కులు అనలిటిక్స్ కంటే ఎక్కువగా ఉండడం మామూలే, వాటిలో ప్రివ్యూ బాట్‌లూ ఉంటాయి. గూగుల్ అనలిటిక్స్ ఇప్పటి రూపమైన జీఏ4లో కనీసం పది సెకన్లు ఉన్న, లేదా రెండో పేజీ తెరిచిన రాకను ‘ఎంగేజ్డ్ సెషన్’ అంటారు. మొత్తం రాకల కన్నా ఈ అంకెనే నమ్మాలి.

డబ్బు పెట్టే ముందు కూడా ఈ తేడా గుర్తుండాలి. పోస్టు కింద బూస్ట్ బటన్ నొక్కి లైకులు, కామెంట్లే లక్ష్యంగా వదిలేస్తే అవే వస్తాయి, సందర్శకులు రారు. యాడ్స్ మేనేజర్‌లో ట్రాఫిక్ లక్ష్యం ఎంచుకుని, లింక్ క్లిక్‌లకు బదులు ల్యాండింగ్ పేజీ వ్యూలు అడగాలి. దానికి సైటులో మెటా పిక్సెల్ (పేజీ తెరుచుకున్నట్టు మెటాకు చెప్పే కోడ్ ముక్క) ఉండాలి. ఇతర యాప్‌లలో ప్రకటనలు చూపే ఆడియన్స్ నెట్‌వర్క్‌ను తీసేస్తే, గేముల మధ్య చేయి తగిలి పడే క్లిక్కులకు డబ్బు పోదు.

ఇక ముందు

వేదిక మూతపడితే అక్కడ కూడబెట్టిన జనమూ పోతారు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది. టిక్‌టాక్‌ను భారత్ 2020 జూన్ 29న నిషేధించింది. తెలుగులోనూ నడిచిన, ట్విట్టర్ తరహా యాప్ ‘కూ’ 2024 జులైలో ఆగిపోయింది. ఇప్పుడున్న వాట్సాప్ ఛానెల్ కూడా మెటా చేతిలోనిదే. అందుకే ఛానెల్‌తో పాటు, ఇష్టపడి ఇచ్చినవారి ఈమెయిల్ జాబితాను సైటు సొంతంగా ఉంచుకోవాలి. తెలుగు పాఠకులు ఈమెయిల్ తక్కువ చూస్తారన్న మాటలో నిజం ఉంది, కానీ ఇచ్చినవారు నిలకడైన పాఠకులు. జాబితా దేనికి వాడతారో చెప్పి అనుమతి తీసుకోవడం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కోరే పద్ధతి కూడా.

పండుగ పేజీల విషయంలో చాలా సైట్లు ఏటా కొత్త చిరునామా తెరుస్తాయి. సంక్రాంతి ముగ్గులకు పోయినేడు ఒకటి, ఈ ఏడు మరొకటి. పోయినేడు పింటరెస్ట్‌లో కుదురుకున్న పిన్, గ్రూపుల్లో మిగిలిపోయిన సందేశం, ఎవరో స్టార్ పెట్టి దాచుకున్న లింకు, అన్నీ పాత పేజీ వైపే చూస్తుంటాయి. చిరునామాలో సంవత్సరం లేకుండా ఒకే పేజీ ఉంచి, డిసెంబరు మొదటి వారంలో కొత్త ముగ్గులు పైన చేర్చాలి. ఇప్పటికే విడివిడి పేజీలు ఉంటే వాటిని 301 (శాశ్వత) మళ్లింపుతో ఆ ఒక్కదానికి కలపాలి. ధనుర్మాసం మొదలయ్యేసరికి ఆ పాత లింకులే మళ్లీ కదలడం మొదలుపెడతాయి.